ఆ రీలు చెరిపేయకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సిక్ లీవులో ఉండి పెళ్లిలో డాన్సు చేశావని, రీలు చూపించి మీ ఆఫీసువాళ్లు షోకాజ్ నోటీసు, అంటే సంజాయిషీ అడుగుతూ కాగితం, ఇచ్చారు కదా. కంగారుపడి దాన్ని డిలీట్ చేయకు. వాళ్ల దగ్గర కాపీ ఎలాగూ ఉంటుంది, పోయేది నీ ఆధారమే. పైగా దాచేసిందంటే ఏదో ఉందనే అనుకుంటారు.

అసలు గొడవంతా తేదీ దగ్గరే. పోస్టు కింద కనబడేది పెట్టిన రోజు, తీసిన రోజు కాదు. మూడు నెలల కిందటి పెళ్లి వీడియోని మంచం మీద పడుకుని పెట్టినా, చూసేవాళ్లకి నువ్వు నిన్ననే గెంతినట్టుంటుంది. గ్యాలరీలో ఒరిజినల్ తెరిచి డీటెయిల్స్ నొక్కు, తీసిన తేదీ, టైము కనబడతాయి. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోయి ఆ వివరాలు ఊడిపోతాయి. కేబుల్ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. ఒక్క సెకను కత్తిరించినా హాష్, అంటే ఫైలు వేలిముద్ర, మారిపోతుంది. శుభలేఖ కూడా జతచెయ్యి.

ఒకవేళ నిజంగా లీవు రోజునే ఆడి ఉంటే తేదీ జోలికి పోకు. డాక్టరు చీటీలో ఏ జబ్బు రాశాడు, విశ్రాంతి ఎన్నాళ్లన్నాడు, అది చూసుకో. నడుం నొప్పని రాసి ఉంటే కష్టమేనమ్మా.

గడువులోపే జవాబివ్వు. వీడియో నాది కాదని బొంకకు. లింకు ఏది, ఎవరు, ఏ రోజు డౌన్‌లోడ్ చేశారో అడుగు. 15 సెకన్ల ముక్క కాదు, పూర్తి కాపీ ఇమ్మను. నీ జవాబు నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకో.

డొమెస్టిక్ ఎంక్వైరీకి, అంటే ఆఫీసువాళ్లే జరిపే విచారణకి, సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించదు. వీడియోకి కోర్టులో అడిగే సర్టిఫికెట్ లేదన్న ఒక్క అభ్యంతరాన్నే పట్టుకుంటే బోర్లా పడతావు. కాపీ ఇవ్వకపోయినా, డౌన్‌లోడ్ చేసినవాణ్ణి క్రాస్ చేయనివ్వకపోయినా, అంటే నీ తరఫు ప్రశ్నలు అడగనివ్వకపోయినా, అది సహజ న్యాయానికి, అంటే నీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్న సూత్రానికి, విరుద్ధం. ఆ మాట అదే రోజు ప్రొసీడింగ్స్‌లో, అంటే విచారణ రికార్డులో, రాయించి, చదివాకే సంతకం పెట్టు.

కోర్టుకెక్కితే లెక్క వేరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి: పార్ట్ ఎ వీడియో దాఖలు చేసేవాళ్లు, పార్ట్ బి నిపుణుడు నింపుతారు, హాష్ రాయాలి. ఫోన్ యజమానే బోనెక్కి ఆ ఫోన్‌నే చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఈ పండక్కి ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకు.

మీ మామయ్య