దస్తావేజు రిజిస్టరైనా ఆ దత్తత చెల్లదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మ పెళ్లి చేసుకోలేదు, టీచర్‌గా రిటైరైంది. 2007లో కోర్టు ఆర్డర్‌తో శిశుగృహ నుంచి నన్ను తెచ్చుకుంది. 2010లో తన చెల్లెలి కొడుకును, 11 నెలల వాణ్ణి, రిజిస్టర్డ్ దస్తావేజుతో దత్తత తీసుకుంది. ఆ రోజు వాణ్ణి నా ఒళ్లోనే పడుకోబెట్టారు. ఇప్పుడు నాకు 21, వాడికి 16. అమ్మకు సొంత ఇల్లు, తాతగారి నుంచి వచ్చిన మూడెకరాలు ఉన్నాయి. ‘పెంచుకున్నోళ్లకు మా నాయన భూమి ఎట్ల పోతది’ అంటున్నాడు మేనమామ. తమ్ముడికి అన్యాయం జరగకుండా ఏం చేయాలి? ఇవన్నీ వాడికి చెప్పాలా?

జవాబు: ముందు మేనమామ సంగతి తేల్చేద్దాం. మీ దత్తత కోర్టు ఆర్డర్‌తో జరిగింది కాబట్టి మీరు మీ అమ్మకు కన్నకొడుకుతో సమానం. పుట్టింటి భూమి తిరిగి పుట్టింటి వారసులకు వెళ్లడం అనేది హిందూ వారసత్వ చట్టంలో ఉన్న మాటే. అయితే అది ఆమెకు కొడుకుగానీ కూతురుగానీ లేనప్పుడు. మీరున్నారుగా.

చిక్కంతా తమ్ముడి దగ్గరే ఉంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కొడుకు బతికి ఉండగా ఇంకో కొడుకును దత్తత తీసుకోకూడదు. ఆ ఉన్న కొడుకు దత్తపుత్రుడైనా సరే. 2010 నాటికి మీరున్నారు కాబట్టి ఆ దత్తత మొదలే చెల్లదు. రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజును కోర్టు మొదట నిజమనే అనుకుంటుంది, కానీ ఎవరైనా సవాలు చేస్తే ఈ లోపం దాగదు. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో తల్లి పేరుగా అమ్మ పేరున్నా దత్తత నిలబడదు. (మీరు లంబాడా కుటుంబమైతే లెక్క వేరు. షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం వర్తించదు, వాళ్ల ఆచారం చూడాలి.) అక్కచెల్లెళ్ల పిల్లలు వరసకు ఎలాగూ అన్నదమ్ములే. కానీ మీ అమ్మ ఆస్తికి వారసుడు కావడానికి వరస చాలదు.

అదృష్టం ఏంటంటే వాడికింకా 18 నిండలేదు. 2015 బాలల న్యాయ చట్టం కింద దగ్గరి బంధువు బిడ్డను దత్తత తీసుకోవచ్చు. తల్లి అక్క ఆ బంధువుల్లోకి వస్తుంది. ఒంటరి మహిళ కావడం, ముందే కొడుకు ఉండటం ఈ చట్టంలో అడ్డు కాదు. బంధువుల దత్తతకు పెంచుకునేవాళ్ల వయోపరిమితి కూడా లేదు. చిన్నమ్మ, చిన్నాన్నల అంగీకారం కావాలి. దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగం పరిశీలిస్తుంది. 2022 సెప్టెంబర్ నుంచి ఆర్డర్ ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టర్. కాగితాలు తిరగడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ నెలలోనే మీ జిల్లా కేంద్రం నల్లగొండ వెళ్లండి. 18 దాటితే ఈ తలుపు మూసుకుపోతుంది.

ఈలోపు అమ్మతో వీలునామా రాయించండి. ఎవరి దత్తత చెల్లినా చెల్లకపోయినా ఆమె ఆస్తి ఆమె ఇష్టం. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు ఉండాలి, మీరిద్దరూ సాక్షులుగా వద్దు. తమ్ముణ్ణి ‘నా దత్తపుత్రుడు’ అని మాత్రమే రాసి వదిలేయొద్దు, రేపు ఆ మాట మీదే గొడవ పెడతారు. పేరు, పుట్టిన తేదీ, కన్నవాళ్ల పేర్లు రాసి ‘ఇతనికి’ అని స్పష్టంగా ఇవ్వాలి. వీలునామా లేకుండా అమ్మ పోతే చట్టం దృష్టిలో వారసులు మీరొక్కరే. మీకు వచ్చినదాంట్లోంచి సగం వాడికి గిఫ్ట్‌గా రాసివ్వొచ్చు, కానీ అంతదాకా వాడి బతుకు మీ మంచితనం మీద ఆధారపడాలా?

చెప్పాలా అన్నారు. చెప్పక తప్పదు. ఐదేళ్లు దాటిన పిల్లల దత్తతకు వాళ్ల సమ్మతి కూడా తీసుకుంటారు, అంటే ఆఫీసులో ఎవరో ఒకరు వాణ్ణే అడుగుతారు. అక్కడ మొదటిసారి వినేకంటే ఒళ్లో పడుకోబెట్టుకున్న అన్న నోటితో వినడం నయం.