కోర్టు పనికి హద్దు ఎందుకు? తీర్పు మనవైపు వచ్చినా తప్పంటానా?

"ప్రభుత్వం పని చెయ్యనప్పుడు కోర్టే చేయిస్తే తప్పేంటి, మధ్యలో ఈ హద్దులేంటి" అని అడిగారు. నేను గుంటూరులో సివిల్ కేసులు చూసే లాయర్ని, మా మేనమామ వాళ్ళు తుళ్లూరు మండలంలో రాజధానికి పొలం ఇచ్చినవాళ్ళు. తప్పే అంటాను, తీర్పు మనవైపు వచ్చినా సరే తప్పే.

అమరావతి సంగతే చూడండి. 2022 మార్చి 3న హైకోర్టు ఇచ్చిన తీర్పులో ఒక భాగం నూటికి నూరుపాళ్ళు న్యాయం. 9.14 ఒప్పందం (భూమి ఇచ్చే రైతుకీ సీఆర్డీఏకీ మధ్య రాసుకున్న అభివృద్ధి ఒప్పందం) మీద సంతకం పెట్టించుకుని రైతు దగ్గర భూమి తీసుకున్నాక, ప్రభుత్వం మారింది కదా అని మాట మారిస్తే కుదరదు అన్నారు. రాసుకున్న కాగితాన్ని నిలబెట్టడం అచ్చంగా కోర్టు పని, దానికి ఎవరూ అడ్డు చెప్పక్కర్లేదు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేదో. నెలలో రోడ్లు, డ్రైనేజీ, మంచినీళ్ళు, మూడు నెలల్లో ప్లాట్లు, ఆరు నెలల్లో రాజధాని అని గడువులు కూడా పెట్టేశారు. పైగా రాజధాని మార్చే చట్టం చేసే అధికారమే శాసనసభకి లేదన్నారు, నాకు అస్సలు మింగుడుపడనిది ఇది, ఎందుకంటే మూడు రాజధానుల చట్టాల్ని 2021 నవంబర్‌లోనే అసెంబ్లీ రద్దు చేసుకుంది, లేని చట్టం మీద అంత పెద్ద మాట, అదీ జనం ఓట్లేసి పంపిన సభ మీద, ఎందుకు అనాల్సొచ్చింది?

ఆ సాయంత్రం మా మావయ్య ఫోన్ చేసి "అబ్బాయ్, నెల తిరిగేసరికి రోడ్డేస్తారంట గదా, కోర్టు చెప్పాక ఎట్టా తప్పించుకుంటారు" అన్నాడు, గొంతులో అంత సంతోషం విని చాలా కాలం అయ్యింది. నాకు మాత్రం ఈపీలు, అంటే తీర్పు అమలు చేయించమని మళ్ళీ కోర్టులో వేసే పిటిషన్లు, గుర్తొచ్చాయి. డిక్రీ రావడం ఒక ఎత్తు, ఈపీ వేసి అమలు చేయించుకోవడం ఇంకో ఎత్తు, మా కోర్టుల్లో తిరిగిన ఎవరికైనా ఇది తెలుసు. కోర్టు ఆర్డర్ అమలు చేసే ఉద్యోగి అమీనా వెళ్ళి సర్వే నంబర్ చూసి, హద్దులు చూసి పొలం స్వాధీనం ఇప్పించగలడు. బడ్జెట్ తెచ్చి టెండర్ పిలిచి రోడ్డు వేయించలేడు కదా. అనుకున్నట్టే నెల గడిచింది, ప్రభుత్వం 60 నెలలు కావాలని అఫిడవిట్ వేసింది, 2022 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇచ్చింది. కోర్టు టౌన్ ప్లానర్, చీఫ్ ఇంజనీర్ పని చేస్తుందా అని బెంచ్ గట్టిగానే అడిగింది. పనులు నిజంగా కదిలింది 2024 ఎన్నికల తర్వాతే, 2025 మే 2న ప్రధాని వచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. అంటే గడువులు చెయ్యలేనిది ఓటు చేసింది.

జాతీయ గీతం కేసు కూడా అంతే. 2016 నవంబర్‌లో సినిమా హాళ్ళలో తప్పనిసరి అని సుప్రీంకోర్టు ఆర్డర్ ఇస్తే బెజవాడ హాల్లో నేను మనస్ఫూర్తిగా లేచి నిలబడ్డా, ఎప్పుడూ నిలబడతా కూడా, కానీ జాతీయ గీతాన్ని, జెండాని అవమానించకూడదనే 1971 చట్టంలో పార్లమెంటు పెట్టని రూల్ ఇద్దరు జడ్జీలు పెట్టడమేంటి? 2018 జనవరిలో సుప్రీంకోర్టే అది ఐచ్ఛికం అని సవరించుకుంది.

ఇదేదో కోర్టులంటే గిట్టక చెప్పే మాట కాదు. 2007లో హర్యానా గోల్ఫ్ క్లబ్ కేసులో, తోటమాలీలుగా చేరి ట్రాక్టర్ నడుపుతున్నవాళ్ళ కోసం డ్రైవర్ పోస్టులు సృష్టించమని హైకోర్టు చెప్తే, సుప్రీంకోర్టే దాన్ని కొట్టేసి జడ్జీలు ప్రభుత్వాన్ని నడపకూడదంది. మొన్న 2025 నవంబర్‌లో అసెంబ్లీ పంపిన బిల్లుల మీద గవర్నర్లు ఎప్పటిలోగా నిర్ణయం చెప్పాలన్న విషయంలోనూ ఐదుగురు జడ్జీల బెంచ్, రాజ్యాంగంలో లేని గడువుని కోర్టు పెట్టలేదని అభిప్రాయం చెప్పింది.

మా మావయ్య ఇప్పటికీ ఒప్పుకోడు, "వాళ్ళు వెయ్యకపోతే నేనెవర్ని అడగాలి" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. ఒప్పందంలో రాసిన కౌలు ఆగితే రిట్ వెయ్యి మావయ్యా, ప్లాటు ఇవ్వకపోతే నష్టపరిహారం అడుగు, అవి కోర్టు ఇప్పించగలదు, ఇప్పించాలి కూడా. రోడ్డు ఎప్పుడేస్తారో మాత్రం ఓటు అడగడానికి గుమ్మంలోకి వచ్చినవాడిని నిలబెట్టి అడుగు అంటాను.