తోటి సైనికుల పుట్టినతేదీలు రాసి పెట్టుకున్న హవల్దార్ తాత

"రిటైరయ్యాక తోటి మాజీ సైనికుల కోసమే పాటుపడిన వాళ్లెవరైనా మీకు తెలుసా?" అని ఒకరు అడిగారు. నాకు తెలుసు. నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో ఆయన్ని అందరూ హవల్దార్ తాత అనేవాళ్లు. మాకు చుట్టం కాదు. 1962 చైనా యుద్ధం తర్వాత జరిగిన భర్తీలో మా తాతా ఆయనా కలిసే మిలట్రీకి పోయారు. ఇద్దరిదీ ఆర్టిలరీయే, అంటే ఫిరంగి దళం.

హవల్దార్ తాత 1965, 1971 రెండు యుద్ధాల్లోనూ ఉన్నారు. ఫిరంగుల మోతకు కుడి చెవి పోయింది. ఎవరైనా వస్తే కుర్చీ జరుపుకుని ఎడమ చెవి వాళ్ల వైపు పెట్టేవారు. యుద్ధం గురించి మేం ఎంత అడిగినా రెండు ముక్కల్లో ముగించేవారు. పెన్షన్ గురించి అడిగితే మాత్రం పొద్దు గూకేదాకా చెప్పేవారు.

2013లో మా తాత చనిపోయారు. నాయనమ్మ ఫ్యామిలీ పెన్షన్ కోసం పోతే పేరు కలవడం లేదన్నారు. మిలట్రీ రికార్డులో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మమ్మ. "ఈమే ఆయన భార్య అని ఏంటి నమ్మకం?" అని ఒకచోట ముఖం మీదే అడిగారు. ఇంటికొచ్చాక నాయనమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

సంగతి తెలిసి హవల్దార్ తాత తెల్లారేసరికి మా వాకిట్లో ఉన్నారు. "చెల్లె, డిశ్చార్జి బుక్కు తీయి" అన్నారు. మిలట్రీ నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే ఆ సర్వీసు పుస్తకం ట్రంకుపెట్టె అడుగున పాత చీర ముక్కలో చుట్టి ఉంది. అది విప్పకముందే మా తాత సర్వీసు నంబరు గడగడా చెప్పేశారు. నేను తెరిచి చూస్తే ఒక్క అంకె కూడా తేడా లేదు. చెదలు తిన్న అంచులు చిరగకుండా ఒక్కో పేజీని అరచేత్తో సాపు చేసి, నాయనమ్మ పేరున్న చోట వేలు పెట్టి, "గుమాస్తా విన్నట్టు రాసిండు, నీ తప్పేం లేదు" అన్నారు.

నోటరీ అఫిడవిట్టు, ఊళ్లో తీసుకున్న ధ్రువపత్రం, నల్లగొండ సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో సంతకం, అక్కడి నుంచి నాసిక్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు. ప్రతి ఉత్తరం పైన నంబరు, ర్యాంకు, పేరు ఉండాల్సిందే, రిజిస్టర్ పోస్టు రసీదు దాచాల్సిందే. పేరు సరిచేస్తూ పార్ట్ టూ ఆర్డర్, అంటే రికార్డులో మార్పు నమోదు చేసిన ఉత్తర్వు, రావడానికి పదకొండు నెలలు పట్టింది. బకాయిలన్నీ ఒకేసారి పడ్డాయి. నాయనమ్మ ఇవ్వబోయిన డబ్బులు పక్కకు జరిపి, జిరాక్సులకూ పోస్టుకూ అయిన నూట పన్నెండు రూపాయలు మాత్రం లెక్క చెప్పి తీసుకున్నారు.

ఆయన దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉండేది. చుట్టుపక్కల మాజీ సైనికులవి, చనిపోయిన వాళ్ల భార్యలవి పుట్టినతేదీలు అందులో నెలలవారీగా ఉంటాయి. ఎనభై నిండితే పెన్షన్ మీద 20 శాతం, ఎనభై ఐదుకు 30 శాతం అదనంగా రావాలి. కానీ పాత పెన్షన్ ఆర్డర్లు చాలావాటిలో పుట్టినతేదీ ఉండదు, అడిగేవాళ్లు లేకపోతే ఆ పెంపు అట్లాగే ఆగిపోతుంది. అందుకే ఆ నెల రాగానే మనిషిని వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయేవారు. నవంబరులో, బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ల టైంలో ఇంకా పని. పత్తి ఏరి ఏరి అరిగిపోయిన వేళ్ల ముద్రలు మెషీన్ తీసుకునేది కాదు. ఆ ముసలమ్మల పక్కన నిలబడి, కాగితం మీదే సర్టిఫికెట్ రాయించేవారు. ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు వాళ్లకు ఒకే పెన్షన్ ఇవ్వాలనే ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ ఉత్తర్వు 2015 నవంబరులో వచ్చినప్పుడు, 2014 జులై నుంచి ఎవరికెంత రావాలో అరుగు మీద కూర్చుని లెక్కలు కట్టారు.

2020 జూన్‌లో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో అమరుడైన వార్త వచ్చినప్పుడు, టీవీ ముందు లేచి నిలబడ్డారు. చాలాసేపటికి కూర్చుని, "ఇంటోళ్ల కాయితాలు ఎవలు చూస్తున్నరు?" అని అడిగారు.

మీ ఇంట్లో మాజీ సైనికులుంటే దయచేసి ఇవాళే వాళ్ల పెన్షన్ ఆర్డర్ తీసి, భార్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి. ఆయన బతికుండగా సరిచేయించుకోవడం వేరు, పోయాక ఆమె ఒంటరిగా తిరగడం వేరు. మా నాయనమ్మ పడింది నేను చూశాను.

హవల్దార్ తాత 2022లో పోయారు. నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరుంది. ఏప్రిల్ పేజీలో చివరి పేరు ఆయన భార్యది, ఆయన చేతిరాతే. 2027లో ఆమెకు ఎనభై నిండుతాయి. ఆధార్, పెన్షన్ ఆర్డర్ జిరాక్సులు ఆ పేజీలోనే మడిచి పెట్టాను.