గెలిచిన రోజు గంట, ఓడిన రోజు రాత్రంతా

ప్రశ్న: పోకర్ నాకు కాలక్షేపమే గాని జీవనాధారం కాదు. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో తొమ్మిది మంది కూర్చునే టేబుల్ దగ్గర టెక్సస్ హోల్డెమ్ (ఒక్కొక్కరికి రెండు సొంత ముక్కలు, అందరికీ ఉమ్మడిగా బల్ల మీద ఐదు ముక్కలు ఉండే పోకర్) ఆడుతుంటాను. మొదటి మూడు నెలల్లో దాదాపు 400 బిగ్ బ్లైండ్లు (బిగ్ బ్లైండ్ అంటే ప్రతి ఆటలో ఒకరు ముందుగానే తప్పనిసరిగా వేసే పందెం, లెక్కలకు అదే కొలత) గెలిచి, ఆట అబ్బిందనుకున్నాను. తరువాతి మూడు నెలల్లో ఆ గెలుపంతా పోయి, పైన మరో 150 బ్లైండ్లు వదిలాయి. గెలిచిన రోజున గంట, గంటన్నరలో లేచి వచ్చేస్తాను కాబట్టి నాకు దురాశ ఉందని ఎవరూ అనలేరు. ఓడిన రోజున మాత్రం చివరి ఆట దాకా కూర్చుని పోయినదాన్ని రాబట్టుకోవడానికి ప్రయత్నిస్తాను. మొన్న జరిగింది చూడండి. నాకు రెండు ఆసులు వచ్చాయి. నా కంటే ముందు నలుగురు ఒక్కో బ్లైండ్ వేసి లోపలికి వచ్చారు. నేను 3 బ్లైండ్లకు పెంచితే ఆ నలుగురూ కాల్ చేశారు, అంటే అంతే పందెం వేసి నిలిచారు. ఫ్లాప్‌లో (మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కల్లో) ఆటీను తొమ్మిది, ఆటీను ఎనిమిది, కళావరు ఆరు పడ్డాయి. నేను 12 వేశాను. రెండు గంటలుగా ఒక్కసారి కూడా రైజ్ చేయని, అంటే పందెం పెంచని, ఒక పెద్దమనిషి దాన్ని 40 చేశాడు, మిగిలినవారు తప్పుకున్నారు. నా ముందున్న చిప్స్ మొత్తం, అంటే 100కు పైగా బ్లైండ్లు, తోసేశాను. ఆయన ఇస్పేటు తొమ్మిది, ఎనిమిది చూపించాడు, అంటే ఆయనకు రెండు జతలు. ఎంత మంచి ముక్కలు వచ్చినా చివరికి ఇలాగే అవుతోంది. ఇది దురదృష్టమా, నాకు ఆట రాకపోవడమా?

జవాబు: మీరు ఆసుల గురించి వివరంగా రాశారు, దురాశ లేదని చెప్పడానికి ఇంకో విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు ఆ వాక్యమే ఎక్కువ ముఖ్యంగా కనిపించింది. అయినా మీరు అడిగినదానితోనే మొదలుపెడదాం.

రెండు ఆసులు సగటున 221 ఆటలకు ఒకసారి వస్తాయి. టేబుల్ దగ్గర గంటకు 25 నుంచి 30 ఆటలే సాగుతాయి గనుక, ఏడెనిమిది గంటలు కూర్చుంటే ఒకసారి వాటి ముఖం చూస్తారన్నమాట. అంతసేపు ఎదురుచూసి అందుకున్న ముక్కలు గెలిచి తీరాలని మనసు పట్టుబట్టడంలో వింత లేదు. లెక్క మాత్రం వేరు. ఏవో రెండు ముక్కలున్న ఒకే ఒక్క ప్రత్యర్థి మీద ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి. ఇద్దరుంటే 73, ముగ్గురుంటే 64, నలుగురుంటే సుమారు 56 సార్లు. మీరు నలుగురిని వెంటబెట్టుకుని ఫ్లాప్ చూశారు. అంటే అప్పటికే దాదాపు సగం సందర్భాల్లో ఓడిపోయే ఆటలోకి మీరే నడిచి వెళ్లారు.

ఆ నలుగురినీ తప్పుపట్టడానికి లేదు. మీరు 3 బ్లైండ్లకే పెంచడం వల్ల వారిలో మొదటి మనిషికి ఎనిమిదిన్నర బ్లైండ్ల పాట్ (అప్పటిదాకా మధ్యలో పడిన మొత్తం: నలుగురివి నాలుగు, తప్పనిసరి బ్లైండ్లు ఒకటిన్నర, మీవి మూడు) కోసం ఇంకా రెండే వేయవలసి వచ్చింది. నూటికి 19 సార్లు గెలిచినా అతనికి గిట్టుబాటే. తరువాతివారికి అది ఇంకా చవక. అదే మీరు 8 బ్లైండ్లకు పెంచి ఉంటే, ఆ మొదటి మనిషి నూటికి 34 సార్లు గెలవగలిగితేనే కాల్ చేయడం న్యాయం. ఒక్కరో ఇద్దరో మిగిలేవారు. చిన్న పందేల టేబుళ్ల దగ్గర చాలామంది పాటించే పద్ధతి ఏమిటంటే, మామూలుగా ఎంతకు పెంచుతారో దానికి, ముందే లోపలికి వచ్చిన ఒక్కొక్కరి పేరిట ఒక్కో బ్లైండ్ కలపడం. టేబుల్ మరీ ఉదారంగా కాల్ చేసేదైతే అది కూడా చాలదు, ఇంకా పెంచవలసిందే.

ఇక ఫ్లాప్. అక్కడ 12 వేయడం సబబే. ఆ తరువాతిదే చిక్కు. రెండు గంటలుగా కాల్ చేయడం, ఫోల్డ్ చేయడం (ముక్కలు వదిలేసి తప్పుకోవడం) తప్ప మరొకటి చేయని మనిషి అలాంటి ఫ్లాప్‌లో 40కి పెంచాడంటే, అతని చేతిలో ఉన్నది ఒక్క జత అయ్యే అవకాశం చాలా తక్కువ. ఆయన అంతసేపూ మౌనంగా ఉండి మీకు చెప్పింది అదే. మీరు మాత్రం ఆయన్ని చూడడం మాని మీ ఆసులనే చూసుకున్నారు. చిప్స్ మొత్తం పాట్‌లోకి వెళ్లే సమయానికి మీరు గెలిచే అవకాశం నాలుగింట ఒక వంతుకు కాస్త అటూఇటూ మాత్రమే. మనం ముందుండగా డబ్బు పెట్టి, చివరి ముక్క మీద ఓడిపోతే దాన్ని బ్యాడ్ బీట్ అంటారు. ఇది ఆ కోవలోకి రాదు. ఇక్కడ మీరు వెనుకబడి ఉండగానే డబ్బు పెట్టారు. దీన్ని దురదృష్టం ఖాతాలో రాసుకుంటే వచ్చే నెలలో ఇదే ఆట మళ్లీ ఇలాగే ఆడతారు.

మూడు నెలల గెలుపు, మూడు నెలల ఓటమి సంగతి చూద్దాం. నో లిమిట్ (పందేనికి పరిమితి లేని) హోల్డెమ్‌లో నూరు ఆటలకు ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ ఊగే మేర, సాధారణంగా 80 నుంచి 100 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. మీరు మూడు నెలల్లో సుమారు రెండు వేల ఆటలు ఆడారనుకుందాం. ఆటలు ఇరవై రెట్లయితే ఊగిసలాట ఇరవై వర్గమూలం, అంటే దాదాపు నాలుగున్నర రెట్లవుతుంది. సగటున లాభమూ నష్టమూ లేని ఆటగాడు కూడా ఆ వ్యవధిలో 400 బ్లైండ్లు పైకో కిందికో వెళ్లడం మామూలే. మీ 400 లాభం మీకు ఆట వచ్చని రుజువు చేయలేదు, 550 నష్టం రాదని రుజువు చేయలేదు. మొదటి మూడు నెలలను తెలివిగానూ తరువాతి మూడు నెలలను దురదృష్టంగానూ లెక్కించడం మాత్రం కుదరదు. ఒకే తూకంతో రెండింటినీ తూచాలి.

ఇప్పుడు మీరు దాటేసిన వాక్యం దగ్గరికి వద్దాం. గెలిచిన రోజున గంటన్నర, ఓడిన రోజున చివరి ఆట దాకా. దీన్ని మీరు నిగ్రహం అనుకుంటున్నారు. గెలుస్తున్నప్పుడు మీరు తేలికగా, స్పష్టంగా ఆలోచిస్తారు. మీ ముందు చిప్స్ ఎక్కువగా ఉండడం చూసి ఎదుటివారు కాస్త జంకుతారు. ఓడుతున్నవారు తొందరపడి తప్పులు చేస్తుంటారు. సరిగ్గా అప్పుడే మీరు లేచి వెళ్లిపోతున్నారు. ఒళ్లు అలసి, మనసు కుతకుతలాడుతూ, మీరే తప్పులు చేసే సమయంలో మాత్రం కుర్చీకి అతుక్కుపోతున్నారు. ఆరు నెలల గంటలన్నీ కూడితే, వాటిలో ఎక్కువ భాగం మీ ఆట అధ్వానంగా ఉన్న గంటలే అవుతాయి. పోయిన చోటే వెతుక్కోవాలన్న మాట పేకాట బల్లల దగ్గర వినిపించినంతగా మరెక్కడా వినిపించదు. అక్కడ అది పనిచేయనంతగా మరెక్కడా పనిచేయకుండా ఉండదు కూడా. నష్టంలో ఉన్న మనిషి ఖాయమైన చిన్న నష్టాన్ని ఒప్పుకోవడం కంటే పెద్ద నష్టానికి దారితీయగల పందేన్నే ఇష్టపడతాడని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన సిద్ధాంతంలో వివరించారు. ఓడిన రోజున చివరి ఆట దాకా కూర్చునే మీ అలవాటు దానికి అచ్చమైన ఉదాహరణ.

ఈ అలవాటు వల్ల మరో భ్రమ కూడా పుడుతుంది. చిన్న గెలుపుతో లేచిపోతూ ఉంటే గెలిచిన రోజుల సంఖ్య పెరుగుతుంది, పదింట ఏడు రోజులు గెలుస్తున్నానని అనిపిస్తుంది. మిగిలిన మూడు రోజులు ఆ ఏడింటినీ మింగేస్తాయి. అందుచేత గెలిచిన రోజులు లెక్కపెట్టడం మానేసి గంటలు లెక్కపెట్టండి. ఎంతసేపు ఆడతారో కూర్చోవడానికి ముందే నిర్ణయించుకోండి. గెలుస్తున్నా ఓడుతున్నా ఆ సమయానికి లేవండి. ఒక రోజుకు రెండు బై-ఇన్‌లు (కూర్చునేటప్పుడు చిప్స్ కొనే మొత్తాలు) పోతే ఆ రోజుకు ఆట అయిపోయినట్లే. మూడోది జేబులో పెట్టుకుని వెళ్లవద్దు.

పుస్తకంలో రోజువారీ లాభనష్టాలతో పాటు ఒకటి రెండు ఆటలు కూడా రాయండి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి ముందు ఎంత ఉంది, చిప్స్ మొత్తం లోపలికి వెళ్లే క్షణానికి మీరు ముందున్నారా, వెనుకనా అన్నది రాస్తే చాలు. గెలిచారో ఓడారో చివర రాయండి, వీలైతే రాయకండి. గెలిచిన ఆటల్లోని తప్పులు బయటపడేది అప్పుడే.

రేక్, అంటే ఆట నడిపేవారు పాట్ నుంచి తీసుకునే వాటా, మాట మీ ఉత్తరంలో లేదు. చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక్కో పాట్ నుంచి సగటున ఒకటిన్నర బ్లైండ్లు తీస్తున్నారనుకోండి. గంటకు 30 ఆటలకు 45 బ్లైండ్లు టేబుల్ మీద నుంచి మాయమవుతాయి, తొమ్మిది మందికి పంచితే తలకు 5. మీతో సమానంగా ఆడేవారి మధ్య కూర్చుంటే ఆ 5 మీరు నికరంగా ఓడిపోయినట్లే. మీ టేబుల్ దగ్గర వసూలు ఎంతో, దానికి గరిష్ఠ పరిమితి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఒక్క మాట సూటిగా అంటాను, ఏమీ అనుకోకండి. ఈ డబ్బు ఇంటి ఖర్చుల్లోంచి గాని, అప్పుగా గాని వస్తుంటే, లేదా ఎంత పోయిందో ఇంట్లో దాచవలసి వస్తుంటే, పైన రాసిన లెక్కలేవీ మీకు పనికిరావు. ముందు ఆట ఆపి, జూదవ్యసనం విషయంలో సాయపడే నిపుణుల్ని కలవాలి.

ప్రశ్న: మంచి ముక్కలు వచ్చినప్పుడు చిప్స్ వేస్తుంటే నా చేతులు వణుకుతాయి. ఎదుటివారు అది చూసి ఫోల్డ్ చేసేస్తున్నారు. బ్లఫ్ చేసేటప్పుడు (బలహీనమైన ముక్కలతో బెదిరించేటప్పుడు) మాత్రం చెయ్యి వణకదు. ఏం చేయాలి?

జవాబు: వణుకు మీ ఒక్కరిదే కాదు. బిగపట్టిన ఉద్వేగం ఒక్కసారిగా సడలినప్పుడు చేతులు వణకడం సహజం, అందుకే అనుభవమున్నవారు దాన్ని భయంగా కాక బలంగా చదువుతారు. వణుకును ఆపడానికి ప్రయత్నిస్తే అది మరింత కనిపిస్తుంది. దానికి బదులు చేతికి పని తగ్గించండి. మీ వంతు వచ్చేదాకా ముక్కలు చూడకండి. చూశాక వాటి మీద ఒక చిప్ పెట్టి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి, మొత్తాన్ని నోటితో చెప్పండి. సాధారణ నియమాల ప్రకారం మీ వంతులో మీరు పలికిన మాటకు మీరు కట్టుబడాలి కాబట్టి, ఆ తరువాత చిప్స్ తాపీగా లెక్కపెట్టి ఇవ్వవచ్చు. చెప్పకుండా రెండు విడతలుగా వేస్తే రెండో విడత చెల్లదు. ఎదుటివారి పందేనికి బదులుగా మాట్లాడకుండా ఒకే పెద్ద చిప్ వేస్తే అది కాల్‌గానే లెక్క. ఫోల్డ్ చేసేటప్పుడు తప్ప మిగిలిన ప్రతిసారీ, బ్లఫ్‌తో సహా, ఇదే వరుస పాటించాలి.

అయితే వారు ఫోల్డ్ చేస్తున్నది మీ చేతిని చూసేనా అన్నది నాకు అనుమానమే. మంచి ముక్కలకు ఎక్కువ, బ్లఫ్‌కు తక్కువ వేస్తున్నారేమో గమనించుకోండి. వణుకు కంటే పందెం పరిమాణం చాలా ఎక్కువ చెబుతుంది, పైగా అది టేబుల్ ఆ చివరన ఉన్నవారికి కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: క్యాష్ ఆటల్లో (చిప్స్‌కు నేరుగా డబ్బు విలువ ఉండే ఆటల్లో) నష్టపోతున్నాను. టోర్నమెంట్లయితే పోయేది ఒక్క ప్రవేశ రుసుమే కదా, వాటికి మారడం మంచిదేనా?

జవాబు: ఒక్కో పోటీలో నష్టానికి హద్దు ఉంటుందన్న మాట నిజం. కానీ ఊగిసలాట తగ్గదు, పెరుగుతుంది. సాధారణంగా పాల్గొన్నవారిలో నూటికి 10 నుంచి 15 మందికే డబ్బు వస్తుంది, అందులోనూ సింహభాగం మొదటి మూడు స్థానాలకే పోతుంది. నూటికి 13 సార్లు డబ్బు దాకా చేరే ఆటగాడికి కూడా వరుసగా పది పోటీల్లో పైసా రాకపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. 2003లో అమెరికాకు చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు, తక్కువ రుసుము గల ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీల్లో ప్రధానమైన మెయిన్ ఈవెంట్‌లో ప్రవేశించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచిన మాట వాస్తవమే. మిగిలిన 838 మందిలో అత్యధికులు ఖాళీ చేతులతో వెళ్లిన మాట కూడా అంతే వాస్తవం, దాన్ని ఎవరూ కథగా చెప్పుకోరు.

క్యాష్ ఆటలో మీరు ఎందుకు ఓడుతున్నారో తెలియకుండా మారితే అవే తప్పులు మీతో వస్తాయి. ఆ సంగతి తేలేదాకా నెలకు ఒకటి రెండు చిన్న పోటీలు ఆడి చూడండి. ఓడినవారు మళ్లీ రుసుము కట్టి ప్రవేశించే వీలున్న పోటీ అయితే, రెండో రుసుమును కూడా ముందే ఖర్చులో వేసుకోండి. అంత పెట్టలేననుకుంటే ఒక్క ప్రవేశమే ఉన్న పోటీని ఎంచుకోండి.