ఆ పేరు 1942లోనే పుట్టింది

"ఐక్యరాజ్యసమితి ఏర్పడింది 1945లో కదా, ఆ పేరు 1942 నాటిదని కొందరు ఎందుకంటారు?" అని ఒకరు నన్ను అడిగారు. 1942 నాటిదే కాబట్టి అంటారు. ఈ ఒక్క సంవత్సరం కోసం నేను నిండు సభలో వాదించాను.

కర్నూలులో పాతికేళ్లు సోషల్ చెప్పాను. ఒక అక్టోబరు 24న, ఐక్యరాజ్యసమితి దినం నాడు, మా పిల్లలను వేరే పాఠశాలలో క్విజ్‌కు తీసుకెళ్లాను. చివరి రౌండులో ఆ పేరు ఎప్పటిదన్న ప్రశ్నే వచ్చింది. మా తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి "1942 జనవరి 1" అంది. నిర్వాహకుడు చేతిలోని బిట్ల పుస్తకం తిరగేసి, "తప్పు, 1945" అంటూ బోర్డు మీద మాకు సున్నా వేశాడు. ఆ పిల్ల కూర్చోలేదు. "సార్, చార్టర్‌లోనే ఉంది" అంది. చార్టర్ అంటే ఆ సంస్థ మూల ఒప్పందం. నిజంగానే ఉంది. తొలి సభ్యులెవరో చెప్పే మూడో అధికరణంలో "1942 జనవరి 1 నాటి ప్రకటన" అని తేదీతో సహా రాసి ఉంది. నేనూ లేచి అదే చెప్పాను. "పుస్తకంలో ఏముంటే అదే జవాబు సార్" అన్నారు. ఒక్క మార్కుతో ఓడిపోయాం. మన పిల్లల చదువును ఈ బిట్ల పుస్తకాలు చెడగొట్టినంతగా మరేదీ చెడగొట్టలేదు.

అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన 1941 డిసెంబరులోనే బ్రిటన్ ప్రధాని చర్చిల్ వాషింగ్టన్ వెళ్లి శ్వేతసౌధంలో బస చేశాడు. జర్మనీ, ఇటలీ, జపాన్‌లతో పోరాడుతున్న దేశాల కూటమికి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 'యునైటెడ్ నేషన్స్' అని పేరు పెట్టాడు. 1942 జనవరి 1న ఆ పేరుతో వెలువడిన ప్రకటన మీద అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్, చైనా సంతకాలు చేశాయి. మర్నాడు మరో 22 దేశాలు చేశాయి. ఆ ప్రకటనలో శాంతి సంస్థ ఊసే లేదు. ఉన్న వనరులన్నీ యుద్ధానికి పెడతాం, శత్రువుతో విడిగా సంధి చేసుకోం అని ప్రతిజ్ఞ చేశారు, అంతే.

అసలు పేరులో 'సమితి' అనే మాట లేదు. కలిసి నిలిచిన దేశాలు అని మాత్రమే ఉంది. మనం సమితి చేర్చేసరికి అది మొదటి నుంచీ సభ పెట్టుకుని మాట్లాడుకునే సంస్థలా వినిపిస్తోంది, యుద్ధం వాసనే పోయింది. 1945లో చార్టర్ రాసిన శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సుకు పిలుపు కావాలంటే మార్చి 1 లోపు జర్మనీపైనో జపాన్‌పైనో యుద్ధం ప్రకటించి ఉండాలని షరతు పెట్టారు. టర్కీ ఫిబ్రవరిలో ప్రకటించింది. వీటో, అంటే భద్రతామండలి తీర్మానాన్ని ఒక్క దేశమే అడ్డుకునే హక్కు, మొదట సంతకం చేసిన ఆ నాలుగు దేశాల స్థానాలకూ ఫ్రాన్స్‌కూ మాత్రమే ఎందుకు ఉందో ఈ కథ తెలియకుండా పిల్లలకు ఎలా అర్థమవుతుంది? సదస్సు మొదలవడానికి పదమూడు రోజుల ముందు రూజ్‌వెల్ట్ చనిపోయాడు. ఆయన మీది గౌరవంతో ఆ పేరునే ఉంచారు.

పరాయి పాలనలో ఉన్నా మన దేశం రెండుసార్లూ సంతకం చేసింది. 1942లో గిరిజా శంకర్ బాజ్‌పేయి, 1945లో ఆర్కాట్ రామస్వామి ముదలియార్. ఈ ముదలియార్ పుట్టిందీ, బడికి వెళ్లిందీ కర్నూలులోనే. ఆయన సంతకం పెట్టిన చార్టర్‌లోని మాటను ఆయన ఊరి పిల్ల చదివి చెబితే, ఆ ఊళ్లోనే తప్పని సున్నా వేశారు.