షుగర్ పడిపోతున్నా కొందరికి ఎందుకు తెలియదు? దీన్ని ఎవరు తేల్చారు?

ఈ ప్రశ్న మీద ఎక్కువగా పనిచేసినవారు డాక్టర్ ఫిలిప్ క్రయర్. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆయన పరిశోధన సాగింది (పేరు చూసి రాజధాని అనుకోకండి).

షుగర్ 70 కంటే దిగితే మామూలుగా అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై చెమట, వణుకు, గుండెదడ వస్తాయి. అవే హెచ్చరికలు. ఒకసారి షుగర్ బాగా పడితే, మరుసటి రోజు పడినప్పుడు ఆ స్పందన మందగిస్తుందని 1991లో ఆయన, మరో పరిశోధకుడు సైమన్ హెల్లర్ కలిసి చూపించారు. అదీ డయాబెటిస్ లేనివాళ్లలో! 1993లో టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) రోగుల్లోనూ ఇదే కనిపించింది. అంటే ఒక లో షుగర్ ఇంకోదానికి దారి వేస్తుంది. నా దృష్టిలో ఆయన పనిలో అసలైన మలుపు ఇదే. అంతకుముందు నరాలు శాశ్వతంగా దెబ్బతినడమే కారణమని చాలామంది అనుకునేవారు.

ఊరటనిచ్చే సంగతి: రెండు మూడు వారాలు షుగర్ పడకుండా జాగ్రత్తపడితే చాలామందికి ఆ హెచ్చరికలు మళ్లీ తెలుస్తాయి. అయితే ఇన్సులిన్ మోతాదు డాక్టర్‌ని అడిగే మార్చుకోవాలి.