చేయించడమా, చేయించుకోవడమా, పని చెప్పడమా?

సందేహం: ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. శనివారం పూట యూదుల ఇంట్లో పొయ్యి వెలిగించడానికి పక్కింటి క్రైస్తవ కుర్రాడు వస్తుంటాడు. "యూదులు శనివారం పని చేయరు, అన్యుల చేత చేయించుకుంటారు" అని రాశాను. చూసినాయన "చేయించుకుంటారు కాదు, చేయిస్తారు అనాలి" అన్నారు. ఏది సరైనది గురువుగారూ? ఆ కుర్రాణ్ణి వాళ్లు "షాబెస్ గోయ్" అంటారు, దానికి తెలుగు మాట ఏమిటి?

సమాధానం: వ్యాకరణం మటుకు అడిగితే రెండూ ఒప్పే. చేయుకి "ఇంచు" చేరితే చేయించు, అది ప్రేరణ. దానికి "కొను" తగిలితే ఆ పని ఫలం చేయించినవాడికే దక్కుతుందని అర్థం. మనకైతే జాకెట్టు కుట్టించుకుంటాం, కూతురికైతే కుట్టిస్తాం. మీ కథలో వెచ్చదనం ఆ ఇంటివాళ్లకే కాబట్టి మీ మాటే మెరుగు. చిక్కు ఎక్కడంటే, మీరు దాన్ని సూత్రంలా రాశారు, యూదుల ధర్మశాస్త్రం వద్దన్నది సరిగ్గా ఆ చేయించుకోవడాన్నే!

హీబ్రూలో ఈ నిషేధం పేరు "అమీరా లె నోఖ్రీ". అమీరా అంటే చెప్పడం, నోఖ్రీ అంటే పరాయివాడు. చూడండి, పేరులో చేయించడం లేదు, చెప్పడం ఉంది. దీనికి తెలుగు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, "పని చెప్పడం" అని మనం రోజూ అనేదే. ఖాళీగా కనిపిస్తే చాలు ఏదో ఒక పని చెబుతారు అని అత్తగారి మీద విసుక్కుంటామే, ఆ చెప్పడమే ఇది. శనివారం పాటించాల్సిన బాధ్యత యూదేతరుడికి లేకపోయినా, శుక్రవారమే చెప్పి పెట్టినా, ఆ పనితో ఆదివారం దాకా అవసరం లేకపోయినా సరే, శనివారం చేసే పని అతనికి చెప్పకూడదని 12వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ రాశాడు. చెప్పడం అలవాటైతే ఆ రోజు మీద గౌరవం పలచబడి, చివరికి తామే చేసేస్తారని ఆయన భయం.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ సంగ్రహం మిష్నాలో ఉన్న ముక్క ఒకటి చెబుతాను, తెలుగు క్రియలు తెలిసినవాడికి పండగలా ఉంటుంది. అన్యుడు దీపం వెలిగించుకుంటే ఆ వెలుగు యూదుడు వాడుకోవచ్చు, యూదుడి కోసం వెలిగించి పెడితే వాడుకోకూడదు. అన్యుడు తన పశువు కోసం నీళ్లు తోడుకుంటే మిగిలినవి యూదుడు తన పశువుకి పెట్టవచ్చు, తోడిపెడితే కూడదు. రబ్బాన్ గమలియేలు అనే గురువు, పెద్దలు ఓడలో వెళ్తుంటే ఒక అన్యుడు దిగడానికి బల్ల వేసుకున్నాడు, అదే బల్ల మీద వీళ్లూ దిగారు. వేసుకున్నాడు, వేసిపెట్టాడు: హీబ్రూకి "యూదుడి కోసం అయితే" అని విడిగా చెప్పాల్సి వచ్చింది, మనకి కొను, పెట్టు ఆ పని చేసిపెడుతున్నాయి.

కానీ "వెలిగించు" దగ్గర జాగ్రత్త. వెలుగు నుంచి వచ్చేటప్పుడే అందులో ఇంచు ఉంది, మళ్లీ ఇంకో ఇంచు వాడుకలో చేరదు. అందుకని "దీపం వెలిగించుకున్నాడు" అని ఊరికే రాస్తే తనే వెలిగించుకున్నాడనే అర్థం వస్తుంది, అంటే మీ యూదుడు పాపం చేసినట్టే. "కుర్రాడి చేత" అనే మాట అక్కడ తప్పదు.

ఇల్లు అంటుకుంటే ఇంకా తమాషా. ఆర్పడానికి వచ్చిన అన్యుడితో "ఆర్పు" అనకూడదు, "ఆర్పకు" అనీ అనకూడదు. అయితే "ఆర్పినవాళ్లు నష్టపోరు" అని అనవచ్చునని, మిష్నా మీద చర్చలున్న గ్రంథం తాల్ముదు అంటుంది. "అబ్బా, గాలే ఆడటం లేదు" అని చుట్టం అంటే మనం లేచి ఫ్యాన్ వేయమూ, అలాంటిదే. ఈ సూచనలకీ హద్దులున్నాయి, అన్ని వేళలా చెల్లవు. "పోయిన శనివారం ఆ పని ఎందుకు చేయలేదు?" అని మామూలు రోజు అడగడం మాత్రం తప్పు కాదట. వినేవాడికి వచ్చే శనివారం సంగతి అర్థమైపోతుందని తెలిసీ ఒప్పుకున్నారు!

చాకలికి బట్టలు వేయడం కూడా ఇలాంటిదే. శుక్రవారం పొద్దుండగా బట్టలు వేసి, ఇన్ని బట్టలకి ఇంత అని మాట్లాడుకుంటే అతను తన వీలును బట్టి ఎప్పుడు ఉతికినా వీళ్లకి దోషం లేదు, రోజుకూలీకి పెట్టుకుని శనివారం ఉతికిస్తే దోషం. గుత్తకీ కూలీకీ ఉన్న తేడా మన పొలాల్లో అందరికీ తెలిసిందే.

ఇక మీ పొయ్యి. "చలి దగ్గర అందరూ రోగులే" అన్న సూత్రం ఉంది, 16వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్ర గ్రంథం షుల్హాన్ అరూఖ్ దాన్ని చెప్పింది. రోగి కోసం అన్యుడికి పని చెప్పవచ్చు కాబట్టి చలిదేశాల్లో ఇల్లు వెచ్చబెట్టమని నోరు తెరిచి చెప్పుకున్నారు. కనుక మీ వాక్యం ఇలా మార్చండి: "యూదులు శనివారం పని చేయరు, పరాయివాళ్లకి పని చెప్పరు కూడా, చలికి పొయ్యి మాత్రం పక్కింటి కుర్రాడి చేత వెలిగించుకుంటారు."

"పరాయివాళ్లు" అని కావాలనే రాశాను. షాబెస్ అంటే వాళ్ల విశ్రాంతి దినమైన శనివారం, గోయ్ అంటే అసలు జనం అనే. నిర్గమకాండం 19:6లో ఇశ్రాయేలీయులనే "పరిశుద్ధమైన జనము" అన్నచోట మూలంలో ఉన్నది ఈ గోయ్ మాటే. తర్వాత "ఇతర జనాలు" అనే అర్థం స్థిరపడింది, తెలుగు బైబిల్లో అన్యజనులు అయింది. కానీ మన చర్చి వాడుకలో అన్యులంటే క్రైస్తవులు కానివాళ్లు. మీ కుర్రాడేమో క్రైస్తవుడు! తెలుగు క్రైస్తవ పాఠకుడు ఆ వాక్యం దగ్గర ఉలిక్కిపడతాడు. కథకుడి నోట "యూదేతరుడు" అనండి, పాత్రల నోట షాబెస్ గోయ్ అలాగే ఉంచండి. పనివాడు అని మార్చకండి, చాలాచోట్ల అతను జీతగాడు కాదు, ఇరుగుపొరుగు.

ఇంకొక్కటి. వాళ్ల శనివారం శుక్రవారం పొద్దుగూకడంతో మొదలై శనివారం చుక్కలు పొడిచేసరికి అయిపోతుంది. మీ ఇంగ్లీషు కథలో కుర్రాడు షాబెస్ రాత్రి వస్తే, తెలుగులో శుక్రవారం రాత్రి రప్పించండి.